హెచ్‌ఐవీ అనుమానంతో డాక్టరు దగ్గరికి: ఏం రాసుకెళ్లాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. కండోమ్ చిరిగి నేటికి 20 రోజులు. ఒంట్లో బాగానే ఉంది. ఐసీటీసీకి (ప్రభుత్వ హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రానికి) వెళ్లేముందు ఏం సిద్ధం చేసుకోవాలి? ఒడియా అంతంతమాత్రం.

జవాబు: ముందు తేదీ రాసుకోండి. "మొన్నామధ్య" అంటే కుదరదండి, లెక్కంతా దాని మీదే. 72 గంటల లోపయితే నేరుగా క్యాజువాలిటీకెళ్లి పెప్ మందులు (వైరస్ ఒంట్లో పాతుకోకుండా ఆపేవి) అడగాలి, 28 రోజులు వాడాలి. మీకు ఆ గడువు దాటిపోయింది.

పరీక్షకి పరగడుపు అక్కర్లేదు. చేతి నరం నుంచి రక్తం తీస్తారు. అక్కడి ర్యాపిడ్ కిట్ వెతికేది వైరస్‌ని కాదు, దాని మీద ఒళ్లు తయారుచేసే యాంటీబాడీల్ని. 20 రోజులకి అవి చాలినంత తయారై ఉండకపోవచ్చు. కార్డు మీద ఒక్క కంట్రోల్ గీతే పడినా, అంటే నెగెటివ్ వచ్చినా, ఊపిరి పీల్చుకోకండి, 90 రోజులు నిండాక మళ్లీ చేయించాలి. ల్యాబులో చేసే ఫోర్త్ జనరేషన్ పరీక్షయితే (యాంటీబాడీలతో పాటు వైరస్ ముక్కనీ వెతికేది) 45 రోజులు చాలు. అలాగని ఇప్పుడు మానేయొద్దు, అంతకుముందే సోకింది ఏమైనా ఉంటే ఇప్పుడే బయటపడుతుంది. ఒక్క కిట్‌లో పాజిటివ్ వచ్చినా తేల్చెయ్యరు, మూడు వేర్వేరు కిట్లలోనూ రావాలి.

మరో జవాబు: వాడే మందుల స్ట్రిప్పులు పట్టుకెళ్లండి, పేర్లు నోటితో చెబితే తప్పుతాయి. పాజిటివ్ అయితే సాధారణంగా ఇచ్చే బిళ్లలో డోలుటెగ్రావిర్ అనే హెచ్‌ఐవీ మందు ఉంటుంది. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ సిరప్ దాన్ని ఒంటికి పట్టనివ్వదు. సిరప్‌కి 2 గంటల ముందో, 6 గంటల తర్వాతో బిళ్ల వేసుకోవాలి. గ్యాస్‌కి వాడే పాంటాప్రజోల్ బిళ్లతో ఆ పేచీ లేదు. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే తప్పక చెప్పండి, రోజుకి 1000 మిల్లీగ్రాములు దాటనివ్వరు. దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే అదీ రాసుకోండి, టీబీ కూడా చూస్తారు.

ప్రశ్న: ఊళ్లో తెలిసిపోతుందని భయం. శ్రీకాకుళం వెళ్తే చేస్తారా?

జవాబు: చేస్తారు, ఉచితమే. మీకు బరంపురం కన్నా అదే దగ్గర, భాష ఇబ్బందీ ఉండదు. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయట పెట్టకూడదు. ముందుగా మాట్లాడాలంటే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. తెలుగులో మాట్లాడేవారు కావాలని అడగండి. రెండో పరీక్ష తేలేదాకా కండోమ్ వదలొద్దు, రక్తదానం అసలు వద్దు.