రాత్రి తినకపోయినా పరగడుపు షుగర్ ఎందుకు పెరుగుతోంది? తప్పు తిండిదా, హార్మోన్లదా?

కూర్మన్నపాలెం నుంచి ఒక షిఫ్టు ఉద్యోగి:

విశాఖ ఉక్కు కర్మాగారంలో నాది మూడు షిఫ్టుల ఉద్యోగం. పగటి షిఫ్టు ఉన్న వారంలో రాత్రి అన్నం మానేసి, ఎనిమిదిన్నరకల్లా చోడి (రాగి) అంబలి తాగి పడుకుంటున్నాను. నిన్న పడుకునే ముందు గ్లూకోమీటరు 124 చూపించింది. మూడు గంటలకు మెలకువ వచ్చి చూస్తే 117 ఉంది, ఆరున్నరకు మాత్రం 148 అయింది. నోట్లో మెతుకు పడకుండా 31 ఎలా పెరిగిందో అర్థం కావడం లేదు. మా బావగారు దొంగతిండి అంటున్నారు, డాక్టరు గారు హార్మోన్లు అంటున్నారు. రాత్రి ఆ అంబలి కూడా మానేయమంటారా?

సీతమ్మధార నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు:

బాబూ, హార్మోన్లు అందరికీ ఉన్నాయి, షుగర్ మాత్రం అందరికీ లేదు. ఏళ్ల తరబడి మూడు పూటలా తెల్లన్నం తిని, పొట్ట పెంచుకుని, చివరికి నెపం గ్రంథుల మీదకు నెట్టడం నేటి అలవాటు. "హార్మోన్ల వల్ల" అన్న మాట చెవిన పడిన రోగి నడక మానేస్తాడు. నా స్నేహితులలో కొందరిని అలాగే చూశాను. తిండి తగ్గితే షుగర్ తగ్గి తీరుతుంది. అంబలి కూడా పిండిపదార్థమే, మానేసి చూడండి.

శరీరధర్మ శాస్త్రం చెప్పే అధ్యాపకురాలు, ఎంవీపీ కాలనీ:

మాస్టారి మొదటి వాక్యాన్ని నేను ఒప్పుకుంటాను, చివరి సలహాను మాత్రం గట్టిగా వ్యతిరేకిస్తాను. పెద్దవారి రక్తం మొత్తంలో ఒక సమయంలో ఉండే గ్లూకోజు నాలుగైదు గ్రాములే, అంటే ఒక చెంచాడు. మెదడు ఒక్కటే రోజుకు సుమారు 120 గ్రాములు, గంటకు దాదాపు ఐదు గ్రాములు వాడుకుంటుంది. ఎవరూ నింపకపోతే రాత్రి పదకొండుకు నిద్రపోయిన మనిషి పన్నెండింటికే స్పృహ తప్పాలి. అలా జరగకుండా కాలేయం తన దగ్గరున్న సుమారు వంద గ్రాముల గ్లైకోజెన్‌ను, అంటే గ్లూకోజు నిల్వను కరిగిస్తూ, లాక్టేటు నుంచి, కొన్ని అమైనో ఆమ్లాల నుంచి, కొవ్వు విడిపోగా వచ్చిన గ్లిసరాల్ నుంచి కొత్త గ్లూకోజును తయారుచేస్తూ తెల్లవార్లూ రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. ఆ వదలడాన్ని గ్లూకగాన్ అనే హార్మోను పెంచుతుంది, ఇన్సులిన్ అణచి ఉంచుతుంది.

ఇక వేకువ సంగతి. గాఢనిద్రలో గ్రోత్ హార్మోన్ ఉప్పెనలా వస్తుంది, దాని ఇన్సులిన్ వ్యతిరేక ప్రభావం కొన్ని గంటల తర్వాత బయటపడుతుంది. తెల్లవారుజాము నుంచి కార్టిసాల్ అనే హార్మోను కూడా పెరుగుతూ, మెలకువ వచ్చిన అరగంటకు ఇంకా ఎగుస్తుంది. అందరూ కార్టిసాల్‌నే నిందిస్తారు గానీ, వేకువ పెరుగుదలలో గ్రోత్ హార్మోన్ పాత్రే పెద్దదని 1980లలో టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని) మధుమేహ రోగుల మీద జరిగిన పరిశోధనలు చూపించాయి. ఆరోగ్యవంతుడి క్లోమం ఆ సమయానికి కాస్త ఎక్కువ ఇన్సులిన్ వదిలి లెక్క సరిచేస్తుంది. మధుమేహం ఉన్నవారి క్లోమం సరిచేయలేదు. అందుకే, మాస్టారూ, హార్మోన్లు అందరికీ ఉన్నా 148 అందరికీ రాదు.

నాడీ వ్యవస్థకూ ఇందులో వాటా ఉంది. 1849లో ఫ్రాన్సులో క్లాడ్ బెర్నార్డ్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త కుందేలు మెదడు అడుగుభాగంలో, నాలుగో జఠరిక అనే ద్రవపు గది నేల మీద సూదితో గుచ్చితే దాని మూత్రంలో చక్కెర కనిపించింది. మెదడు నుంచి కాలేయం వంటి అవయవాలకు వెళ్లే వేగస్ నాడులను కోసేసినా అది ఆగలేదు. ఒత్తిడిలో ఒంటిని సిద్ధం చేసే సహానుభూత నాడులూ, మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులూ కలిసి కాలేయం చేత చక్కెర వదిలించగలవని ఆ తర్వాత తేలింది.

సీతమ్మధార ఉపాధ్యాయుడు:

వివరంగా చెప్పారమ్మా, సంతోషం. అయితే ఆ గ్లైకోజెన్ ఆకాశం నుంచి ఊడిపడలేదు కదా, నిన్నటి అన్నమే కదా కాలేయంలో చేరింది! ఇన్సులిన్ మాట కాలేయం ఎందుకు వినడం లేదో కూడా చెప్పండి. అక్కడ కొవ్వు పేరుకుపోయింది కనుక. అది పేరుకున్నది తిండి వల్ల, కదలకుండా కూర్చోవడం వల్ల. తిరిగి తిరిగి నా మాట దగ్గరకే వచ్చాం.

పెదగంట్యాడ నుంచి మరొకరు:

రాత్రి షుగర్ బాగా పడిపోతే, దానికి ఎదురుగా పొద్దున ఎగబాకుతుందని విన్నాను. ఈయన రాత్రి తిండి తగ్గించడమే దీనికి కారణం కావచ్చు కదా?

ఎంవీపీ కాలనీ అధ్యాపకురాలు:

పెదగంట్యాడ వారు చెప్పినది మైఖేల్ సొమోజీ 1930లలో ప్రతిపాదించిన ఊహ. నిరంతరం షుగర్ కొలిచే పరికరాలు వచ్చాక చూస్తే, రాత్రి షుగర్ పడిపోయినవారికి పొద్దున సాధారణంగా తక్కువే ఉంటోంది. పైగా ఈయనకు మూడు గంటలకు 117 ఉంది, అది పడిపోవడం కాదు. ఇంత వాదనలో నాకు అన్నింటికంటే విలువైనదిగా తోచింది నిద్ర చెడగొట్టుకుని తీసిన ఆ ఒక్క రీడింగే.

మాస్టారూ, ఏళ్ల తిండి కాలేయాన్ని మొండిగా మార్చిందన్న మాట నిజం. బరువు తగ్గినవారిలో కాలేయపు కొవ్వు కరిగి పరగడుపు షుగర్ దిగడం కూడా నిజం. మన పేచీ ఏళ్ల తిండి గురించి కాదు, నిన్నటి గిన్నెడు అంబలి గురించి. ఆ అంబలి ప్రభావం ఆయన పడుకునే ముందు చూసిన 124లోనూ, మూడింటి 117లోనూ తెలిసిపోయింది. ఆ తర్వాత పెరిగిన 31 కాలేయం వదిలినది. అంబలి మానేసినా కాలేయం కొత్త గ్లూకోజు తయారీని ఆపదు. పెద్దవారిలో ఎక్కువగా కనిపించే టైప్ 2 మధుమేహంలో అదుపు తప్పేది ఎక్కువగా ఆ తయారీయే. మెట్‌ఫార్మిన్ మాత్ర ప్రధానంగా పనిచేసేదీ అక్కడే. మరోవైపు క్లోమం చేత ఇన్సులిన్ ఎక్కువగా వదిలించే గ్లిమెపిరైడ్ వంటి మాత్ర వేసుకుని రాత్రి తిండి మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. నా భయమంతా అదే. పరగడుపు అంకెను రాత్రి భోజనానికి శిక్షగా చదివేవారే ఆ పని చేస్తారు.

కూర్మన్నపాలెం వారి రాత్రి షిఫ్టు సంగతి వేరు. పరగడుపు పరీక్ష అంటే కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకుండా చేసేది. రెండింటికి క్యాంటీనులో ఉప్మా, పాలూ చక్కెరా వేసిన టీ తీసుకుని, ఏడింటికి ఇంటికొచ్చి చూసిన అంకె పరగడుపుది కాదు. పైగా మెదడులో హైపోథాలమస్ అనే భాగంలోని శరీర గడియారం కంటి నుంచి వచ్చే వెలుగు సమాచారంతో నడుస్తుంది, మన డ్యూటీ పట్టికతో కాదు. 2009లో అమెరికాలో పదిమందిని 28 గంటల రోజుకు అలవాటు చేసి చూసిన ప్రయోగంలో, నిద్రా తిండీ తలకిందులైనప్పుడు గ్లూకోజు 6 శాతం పెరిగింది, ఆకలిని అణచే లెప్టిన్ 17 శాతం తగ్గింది. వారికి పెట్టిన తిండి మారలేదు, తిన్న వేళ మారింది.

కూర్మన్నపాలెం ఉద్యోగి:

నేను వేసుకునేది మెట్‌ఫార్మిన్ ఒక్కటే మేడమ్. అంబలి మానను. రాత్రి షిఫ్టు వారంలో పగలు నిద్రపోయి సాయంత్రం లేచాక, తిని ఎనిమిది గంటలు దాటి ఉంటే అప్పుడు చూసుకోవచ్చా?

ఎంవీపీ కాలనీ అధ్యాపకురాలు:

చూసుకోవచ్చు, కానీ దానిని పగటి షిఫ్టు వారపు అంకెల పక్కన రాయకండి. నిద్రపోయిన వేళ, చివరిగా తిన్న వేళ, రీడింగ్ విడిగా ఒక పుస్తకంలో రాసి డాక్టరు గారికి చూపించండి. మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష కూడా చేయిస్తే, ఒక పొద్దుటి 148కి ఎంత విలువ ఇవ్వాలో ఆయనే చెప్పగలరు.

సీతమ్మధార ఉపాధ్యాయుడు:

అంబలి విషయంలో పట్టు వదులుతున్నాను, నడక విషయంలో వదలను. డ్యూటీ లేని సాయంత్రాలు ఆర్కే బీచ్‌కు రండి బాబూ, పాండురంగాపురం వైపు నడుస్తూ మాట్లాడుకుందాం.