నర్సుపై దాడి జరిగితే ఫిర్యాదు ఎవరివ్వాలి?

గడ్చిరోలి, చంద్రపూర్ వైపు పనిచేసే సిస్టర్లు, వకీళ్లు చెప్పండి. రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉన్న సిస్టర్ చెయ్యి మెలిపెట్టి, బీపీ మిషను పగలగొట్టి, పేషెంటు బంధువులు గోదావరి దాటి తెలంగాణ వైపు వెళ్లిపోతే కేసు ఎలా నిలబెట్టాలి? వైద్య సిబ్బందిపై, ఆసుపత్రులపై దాడులను ఆపడానికి తెచ్చిన మహారాష్ట్ర 2010 చట్టంలో ఇది నాన్ బెయిలబుల్. 3 ఏళ్ల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా, పాడైన పరికరానికి కొన్న ధరకు రెట్టింపు పరిహారం ఉన్నాయి. కానీ చాలాచోట్ల మామూలు కొట్లాటగా రాసేసి రాజీపడమంటారు. పాపం, కాంట్రాక్టు పిల్లలు ఉద్యోగం పోతుందని సంతకం పెట్టేస్తారు.

గాయానికి అదే రాత్రి డాక్టరుతో ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు నమోదు) రాయించాలి, సీసీటీవీ రికార్డింగు చెరిగిపోకముందే కాపీ తీయాలి, అంతవరకు సరే. ఆసుపత్రి పై అధికారి కదలకపోతే, సిస్టర్ సొంతంగా ఇచ్చిన ఫిర్యాదులో ఈ చట్టం ఎవరైనా పెట్టించగలిగారా? ఎస్పీకి పోస్టులో పంపితే పని జరిగిందా? మరాఠీలో రాసిన నమూనా ఉంటే దయచేసి పెట్టండి.