అప్‌డేట్: అగార్ ప్లేట్లలో మళ్లీ మళ్లీ వచ్చిన కంటామినేషన్, కారణం దొరికింది

గుంటూరులో మా కాలేజీ మైక్రోబయాలజీ ల్యాబ్ గురించి ఇక్కడ అడిగాను. ఏ కల్చరూ (పెంచాల్సిన బ్యాక్టీరియా) వేయని న్యూట్రియంట్ అగార్ ప్లేట్లలో (బ్యాక్టీరియా పెంచడానికి జెల్లీ లాంటి ఆహారం పోసిన పళ్లాలు) కూడా తెల్లారేసరికి తెల్లటి పొడి కాలనీలు, అంటే సూక్ష్మజీవుల గుంపులు, వస్తున్నాయని. ఆ సమస్య తీరింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

ముందు గ్రామ్ స్టెయిన్ (బ్యాక్టీరియాకి రంగు వేసి మైక్రోస్కోపులో చూసే పరీక్ష) చేసి చూడమన్నవారి మాటే దారి చూపింది. ఊదారంగు కడ్డీలు, వాటి లోపల రంగు పట్టని స్పోర్లు (వేడిని తట్టుకునే గట్టి విత్తనాల్లాంటి రూపాలు) కనిపించాయి. చూడ్డానికి బాసిల్లస్ అనే, స్పోర్లు చేసే బ్యాక్టీరియా లాగే ఉన్నాయి. గాలిలోంచి పడితే రకరకాల కాలనీలు, బూజు కూడా రావాలి. ఇక్కడ అన్నీ ఒకటే రకం, పైగా అగార్ లోపల కూడా పెరిగాయి. అంటే ప్లేట్లలో పోసే మీడియాలోనే (అగార్‌లోనే) బతికి ఉన్నాయి. దాంతో అనుమానం ఆ మీడియాని ఒత్తిడిలో ఆవిరితో స్టెరిలైజ్ చేసే ఆటోక్లేవ్ మీదికి వెళ్లింది.

విజయవాడ నుంచి వచ్చిన మెకానిక్ విప్పి చూస్తే, గాలి బయటికి పోయే వాల్వ్‌లో నీళ్లలోని ఉప్పు గట్టిగా పేరుకుపోయి ఉంది. లోపల గాలి మిగిలితే గేజ్ 15 పౌండ్ల ఒత్తిడి చూపించినా వేడి 121 డిగ్రీలకు చేరదు. మామూలు బ్యాక్టీరియా చచ్చిపోతుంది, స్పోర్లు మిగులుతాయి. ఇండికేటర్ టేపు (ఆటోక్లేవ్ వేడికి రంగు మారే టేపు) మాత్రం చక్కగా రంగు మారుతూనే ఉండేది, అందుకే టేపు ఒక్కటే చాలదని గట్టిగా చెప్తున్నాను.

వాల్వ్ మార్చాక జియోబాసిల్లస్ స్టీరోథర్మోఫిలస్ (వేడిని బాగా తట్టుకునే బ్యాక్టీరియా) స్పోర్లున్న ఆంప్యూల్‌లతో (చిన్న సీసాలతో) పరీక్షించాం. స్పోర్లు బతికి పెరిగితే లోపలి ఊదారంగు ద్రవం పసుపవుతుంది. ఆటోక్లేవ్ చేసినది ఊదాగానే ఉంది, చేయనిది పసుపైంది. ఆ క్షణంలో టెన్షన్ అంతా పోయింది.

లామినార్ ఫ్లో (శుభ్రమైన గాలి వీచే పని బల్ల) ఫిల్టర్‌కి, అగార్ బ్రాండ్‌కి ఈ సమస్యతో సంబంధం లేదు. మళ్లీ ఉప్పు పేరుకోకుండా ఇప్పుడు ఆటోక్లేవ్‌లో బోరు నీళ్లు మానేసి డిస్టిల్డ్ వాటరే పోస్తున్నాం.