పాత కారుకి హెడ్‌లైట్లు డిమ్: రిలే వేయించాలా, ఎల్ఈడీలు పెట్టేయాలా?

కాలువగట్టు:
1997 మోడల్ చిన్న కారండి. కార్బురేటర్ బండి, గాజు హెడ్‌లైట్లు, హెచ్4 బల్బులు (హై, లో అంటే డిమ్, రెండు ఫిలమెంట్లూ ఒక్కదాంట్లోనే). రావులపాలెం నుంచి అమలాపురం వైపు రాత్రిళ్ళు కాలువ గట్టు రోడ్ల మీద తిరగాలి. ఒక పక్క కాలువ, ఇంకో పక్క కొబ్బరి తోటలు, మధ్యలో వెనక లైటు లేని ట్రాక్టరు. లో బీమ్‌లో బండి ముందు నేల పసుపుపచ్చగా కనపడుతుంది తప్ప రోడ్డు అంచు ఎక్కడుందో తెలీదు. బల్బులు కొత్తవే. మా ఎలక్ట్రీషియను 100/90 (హై 100, లో 90 వాట్ల బల్బులు) వేసేద్దామంటాడు, బావమరిది ఎల్ఈడీ అంటాడు, ఇక్కడ పాత పోస్టుల్లో అందరూ రిలే (స్విచ్ నుంచి చిన్న కరెంటు అందుకుని, పెద్ద కరెంటుని బ్యాటరీ నుంచి నేరుగా బల్బుకి వదిలే డబ్బా) జపం చేస్తున్నారు. దేనికి డబ్బులు పెట్టమంటారు?

ఎల్ఈడీ ఫ్యాన్:
ఇందులో చర్చ ఏముంది బ్రో? మంచి ఎల్ఈడీ జత తెచ్చి తగిలించు. తెల్లటి వెలుతురు, బ్యాటరీకి కూడా హాయి. నా పాత బండికి అదే చేశా, మళ్ళీ బోనెట్ ఎత్తలేదు.

ఖమ్మం డ్రైవర్:
నీకు మంచిగనే కనపడ్తది తమ్మీ, ఎదురొచ్చేటోని సంగతేంది? నేను రాత్రిపూట లారీ నడుపుత. ఈ తెల్ల లైట్లు కళ్ళల్ల కొడితే రోడ్డు పక్కన సైకిలోడు ఉన్నడా లేడా తెల్వదు. హెచ్4ల డిమ్ ఫిలమెంటు కింద చిన్న రేకు గిన్నె ఉంటది, చూసినవా? రిఫ్లెక్టరు కింది సగం మీద వెలుగు పడకుంట అదే ఆపుతది. పడిందంటే పైకి ఎగిరి ఎదుటోని మొఖం మీదికి పోతది. చవక ఎల్ఈడీలల్ల ఆ లెక్క సక్కగ ఉండదు.

ఎల్ఈడీ ఫ్యాన్:
చవకవి తీసుకోమని నేనన్నానా? చిప్పు సరిగ్గా ఫిలమెంటు చోటే ఉండి, కింద గిన్నె కూడా ఉన్నవి దొరుకుతున్నాయి. పైగా కరెంటు సగం కూడా లాగవు. పాత వైరింగు మీద బరువు తగ్గుతుందా లేదా? దీనికి జవాబు చెప్పండి ముందు.

ఫిజిక్స్ మాస్టారు:
ఆ ఒక్క మాట మాత్రం నిజం, కాదనను. కానీ జబ్బేమిటో తెలియకుండానే మందులమ్ముతున్నారు అందరూ. ఆ బల్బు దగ్గరికి ఎన్ని ఓల్టులు చేరుతున్నాయో ఎవరైనా అడిగారా? హాలోజన్ వెలుతురు ఓల్టేజీతో పాటు మెల్లగా తగ్గదు, సుమారు 3.4 ఘాతంతో పడిపోతుంది. ఓల్టేజీ 10 శాతం తగ్గితే వెలుతురు 30 శాతం పోతుంది. హెచ్4 లో బీమ్‌కి చెప్పే 1000 ల్యూమెన్లు (వెలుతురు కొలత) 13.2 ఓల్టుల దగ్గర మాట. తీగల్లో రెండు ఓల్టులు పోతుంటే బల్బు ఎంత కొత్తదైతే ఏం లాభం?

ఆటోనగర్ బాబాయ్:
మాస్టారు సరిగ్గా పట్టుకున్నారు. ఆ 100/90 సంగతి ముందు తేల్చేద్దాం: వద్దు. ఆ బల్బు డబ్బా మీద ఆఫ్ రోడ్ అని రాసి ఉంటుంది, చదవరు. 55 వాట్లవి రెండూ కలిపి 9 యాంపియర్లు లాగితే 90వి 15 లాగుతాయి. అదే సన్న తీగ, అదే స్విచ్. డ్రాప్, అంటే దారిలో పోయే ఓల్టేజీ, ఇంకా పెరుగుతుంది, హోల్డరు కరుగుతుంది. బెజవాడలో నల్లగా మాడిన హోల్డర్లు బోలెడు పీకాను.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. ఇంజను ఆన్‌లో పెట్టి లో బీమ్ వెయ్యి. రేసు పెంచితే లైటు బాగా పెరుగుతోందంటే బెల్టో ఆల్టర్నేటరో చూసుకో. లేదంటే మీటరు తియ్యి. బ్యాటరీ మీద ఎంతుంది, కనెక్టరు వెనక ఎంతుంది? బల్బు తగిలించి, వెలుగుతుండగానే చూడాలి సుమా. బల్బు పీకేసి చూస్తే కరెంటు పారదు కాబట్టి తుప్పు తీగలో కూడా నిండుగా చూపిస్తుంది. అందరూ మోసపోయేది అక్కడే. ఆ తర్వాత ప్లస్ వైపు ఎంత పోతోంది, మైనస్ వైపు ఎంత పోతోంది విడిగా రాసుకో. మీ కోనసీమ ఉప్పు గాలికి బాడీ ఎర్తులు (మైనస్ తీగని బండి బాడీకి బిగించే చోట్లు) తొందరగా తుప్పు పడతాయి.

కాలువగట్టు:
చూశానండి. బ్యాటరీ 13.9, బల్బు దగ్గర 11.6. రెండు పక్కలా ఇంచుమించు అంతే. ప్లస్ వైపు పోయేది 0.4, మైనస్ వైపు 1.9. ఇంకో విచిత్రం, స్విచ్ ఆపేసినా ఒక పిన్నుకి ప్లస్ వస్తూనే ఉంది.

ఫిజిక్స్ మాస్టారు:
11.6 అంటే సుమారు 645 ల్యూమెన్లు. మూడో వంతు వెలుతురు దారిలోనే పోయింది.

ఆటోనగర్ బాబాయ్:
విచిత్రం కాదు అబ్బాయ్. కొన్ని జపాన్ డిజైన్లలో ప్లస్ ఎప్పుడూ ఉంటుంది, స్విచ్ మైనస్ వైపు తెంపుతుంది. అంటే నీ 1.9 స్విచ్‌లో, డిమ్మర్ (లో, హై మార్చే స్విచ్) కాంటాక్టుల్లో, దాని ఎర్తులో పోతోంది. ముందు ఆ ఎర్తు బోల్టు విప్పి, గీకి, బిగించి మళ్ళీ చూడు, దానికి ఖర్చు లేదు. తగ్గకపోతే రిలేలు రెండు, లోకి ఒకటి హైకి ఒకటి. రిలే పిన్నుల మీద నంబర్లుంటాయి: 30కి బ్యాటరీ నుంచి నేరుగా, ఫ్యూజు బ్యాటరీ పక్కనే. 87 బల్బుకి. కొత్త ఎర్తు మందపాటి తీగతో. ఒక్క జాగ్రత్త: కాయిల్ (రిలేని లాగే తీగచుట్ట, దాని కొసలే 85, 86) రెండో కొస బాడీకి ఇచ్చేసిన రెడీమేడ్ కిట్టు నీ బండిలో టక్కుమని కూడా అనదు. 85, 86 రెండూ పాత కనెక్టరుకే కలపాలి. మామూలు కిట్టు తెచ్చి, పని చేయట్లేదని రిలేని తిట్టేవాళ్ళు ఇందుకే ఎక్కువ.

ఎల్ఈడీ ఫ్యాన్:
ఇంత తతంగం ఎందుకు బాబాయ్? ఎల్ఈడీ పెడితే ఆ స్విచ్ కాంటాక్టుల మీద కరెంటే తగ్గిపోతుందిగా.

ఆటోనగర్ బాబాయ్:
తగ్గుద్ది. కానీ మైనస్ స్విచింగ్ ఉన్న బండిలో కొన్ని ఎల్ఈడీలు అసలు వెలగవు, బల్బు చుట్టూ ఉండే మెటల్ కాలర్ పిన్ను ఎర్తు అనుకుని లోపల వైరింగ్ చేసినవి. కొట్టువాడు తిరిగి తీసుకుంటాడేమో అడిగి కొనండి.

ఖమ్మం డ్రైవర్:
ఒక్కటి మరిచిండ్రు అందరు. 97 బండి కదా, రిఫ్లెక్టర్ల వెండి పూత ఉన్నదా, రాలిందా? గోధుమ రంగుకి తిరిగితే 14 ఓల్టులు ఇచ్చినా దండగే, లైటు మొత్తం సెట్టు మార్చుడే. గాజు తీసి లోపల గుడ్డతోని మాత్రం రుద్దకన్నా, ఉన్న పూత కూడా లేస్తది. ఎర్తు గీకినంక రీడింగు పెట్టు, మైనస్ దిక్కు ఎంత దిగిందో చూద్దాం.