కడప నుంచి చెన్నై రేవుకు బాడుగ కారు: ఓడ ఎక్కేవారు ఎలా మాట్లాడుకోవాలి?

ప్రశ్న: ఎర్రముక్కపల్లె, కడప నుంచి

అందరికీ నమస్కారం. అక్టోబరు చివరి వారంలో మా కుటుంబం చెన్నై రేవులో విహార ఓడ ఎక్కబోతున్నాము. ఓడ విశాఖపట్నం, పుదుచ్చేరి మీదుగా తిరిగి ఆరో రోజు ఉదయం చెన్నైకే వస్తుంది. అమ్మానాన్నలు, నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు కలిపి ఆరుగురం. నాన్నగారికి మోకాలి శస్త్రచికిత్స జరిగింది కాబట్టి రైలు మెట్లు ఎక్కించడం, సామానుతో ప్లాట్‌ఫారం మారడం ఆయనకు కష్టమని, ఇంటి గుమ్మం నుంచి రేవు గేటు వరకు ఒకే కారులో తీసుకువెళ్లాలని అనుకుంటున్నాను.

ఊళ్లో ముగ్గురిని అడిగాను. ఒకరు దింపి రావడానికే రెండు వైపులా బాడుగ ఇవ్వాలన్నారు. ఇంకొకరు సొంత కారు ఉన్న తెలిసిన అబ్బాయిని పంపుతానని, చాలా తక్కువకు అవుతుందని చెప్పారు. మూడో వారు ఆరు రోజులూ కారును చెన్నైలోనే ఉంచి, తిరిగి తీసుకువస్తామన్నారు. ఈ మూడింటిలో ఏది న్యాయమైన పద్ధతో నాకు అర్థం కావడం లేదు. టికెట్టులో మధ్యాహ్నం మూడు గంటలకు చెక్-ఇన్ మూసివేస్తారని ఉంది. అదే రోజు తెల్లవారుజామున మూడు గంటలకు బయలుదేరితే సరిపోతుందా, లేక ముందు రోజే వెళ్లి బస చేయాలా? కారు రేవు లోపలికి, ఓడ దగ్గరి వరకు వెళ్లనిస్తారా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: ట్రావెల్స్ నడిపేవారు, కడప

అయ్యా, బాడుగ లెక్క ముందుగా చెబుతాను, ఎందుకంటే చాలామంది అక్కడే అయోమయపడతారు. కడప నుంచి రాజంపేట, కోడూరు, రేణిగుంట, పుత్తూరు మీదుగా చెన్నైకి సుమారు 260 కిలోమీటర్లు. మిమ్మల్ని దింపిన తరువాత బండి ఖాళీగానే కడపకు రావాలి కాబట్టి, ఒకవైపు ప్రయాణానికి కూడా 520 కిలోమీటర్లు లెక్కగట్టడం మా వృత్తిలో మామూలే. అది మోసం కాదు. దీనితో పాటు రోజుకు ఇన్ని కిలోమీటర్లు అని ఒక కనీస లెక్క ఉంటుంది. అది 300 అనుకుంటే, బండి ముందు రోజు బయలుదేరి మరునాడు తిరిగి వచ్చినప్పుడు మీరు 520కి కాక 600 కిలోమీటర్లకు చెల్లించవలసి వస్తుంది. ఆరు రోజులూ బండిని అక్కడే నిలబెడితే, తిరిగినది 520 కిలోమీటర్లే అయినా లెక్క 1800కు పోతుంది, ఆపైన ప్రతి రోజుకూ డ్రైవరు బత్తా ఉంటుంది. అంటే రెండు సార్లు విడివిడిగా బండి పిలిపించుకున్నా 1040 కిలోమీటర్లతో పోతుంది కనుక, మూడో ప్రతిపాదన మీకు ఏ విధంగానూ లాభం కాదు. ఆ డ్రైవరు కూడా ఆరు రోజులు ఎక్కడ పడుకోవాలో, ఎక్కడ స్నానం చేయాలో ఆలోచించండి.

దింపడానికి మాత్రమే అయితే, చెన్నై నుంచి కడపకు వచ్చి తిరిగి వెళ్లే బండి దొరుకుతుందేమో అడగండి. చెన్నై నుంచి వచ్చే రోగులను, పెళ్లివారిని కడపలో దింపి ఖాళీగా వెళ్లే తమిళనాడు బండ్లు ఉంటాయి. తేదీ కుదిరితే ఒకవైపు బాడుగకే వస్తాయి. అయితే ఓడ ప్రయాణం వంటి తేదీ మారని పనికి ఇలాంటి బండి మీద పూర్తిగా ఆధారపడమని నేను చెప్పలేను. వాళ్ల మొదటి బాడుగ వాయిదా పడితే మీ బండి కూడా రాదు.

రెండో ప్రతిపాదనను మాత్రం దయచేసి ఒప్పుకోకండి. తెల్ల నంబరు ప్లేటు ఉన్న సొంత కారును బాడుగకు నడపడం 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్టు లేకుండా చేసే పని. దారిలో ఆపి బండిని పట్టుకుంటే మీ సామాను రోడ్డు మీద ఉంటుంది. అంతకన్నా పెద్ద విషయం బీమా: సొంత వాడకానికి తీసుకున్న పాలసీ బాడుగకు నడిపినప్పుడు జరిగిన ప్రమాదానికి వర్తించదు. పెద్దవాళ్లు, పిల్లలు ఉన్న బండిలో ఆ ప్రమాదాన్ని ఎవరూ నెత్తిన పెట్టుకోకూడదు. పసుపు ప్లేటు, అఖిల భారత టూరిస్ట్ పర్మిట్టు ఉన్న బండినే అడిగి, పర్మిట్టు గడువు తేదీని ఫోటో తీసి పంపమనండి. నగరి దాటగానే తమిళనాడు వస్తుంది. అక్కడి పన్ను, టోల్, పార్కింగు, రాత్రి బత్తా ఎవరు భరించాలో బయలుదేరే ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. నోటి మాట మీద బయలుదేరిన బాడుగల్లోనే గేటు దగ్గర గొడవలు వస్తాయి.

ఇక బండి సంగతి. ఆరుగురు అనగానే ఎర్టిగా చాలునని చెబుతారు. మనుషులకు చాలుతుంది కానీ, వెనుక వరుస సీట్లు తెరిస్తే డిక్కీలో రెండు చిన్న సంచులకు మించి పట్టవు. ఐదు రాత్రుల ప్రయాణానికి కనీసం నాలుగు పెద్ద పెట్టెలు ఉంటాయి. ఇన్నోవా తీసుకున్నా పైన క్యారియర్, టార్పాలిన్ పట్ట ఉండాలని ముందే చెప్పండి. నాన్నగారిని మధ్య వరుసలో కూర్చోబెట్టండి. మడతపెట్టిన మోకాళ్లతో వెనుక వరుసలో అంత దూరం కూర్చోవడం ఆయనకు చాలా బాధగా ఉంటుంది.

జవాబు: రాజంపేట నుంచి

మిగతావన్నీ పై వారు చెప్పారు కాబట్టి నేను ఒక్క విషయమే గట్టిగా చెబుతాను. అదే రోజు బయలుదేరవద్దు. లెక్క ప్రకారం ఐదున్నర, ఆరు గంటల్లో చేరతారు, తెల్లవారుజామున మూడుకు బయలుదేరితే బోలెడంత సమయం మిగులుతుందని కాగితం మీద అనిపిస్తుంది. అయితే మన దారి సంగతి మనకు తెలుసు. కోడూరు దాటిన తరువాత శెట్టిగుంట, బాలపల్లె, మామండూరు మీదుగా రేణిగుంట వరకు శేషాచలం అడవిని ఆనుకొని వెళ్లే రోడ్డు అది. చీకట్లో ఎదురుగా వచ్చే లారీల వెలుతురులో, నిద్రమత్తులో ఉన్న డ్రైవరుతో ఆ దారిన వెళ్లడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. ఒక్క లారీ అడ్డంగా ఆగిపోయినా ఎంతసేపు నిలిచిపోతామో చెప్పలేము. రైలు తప్పితే మరో రైలు ఉంటుంది, ఓడ తప్పితే విశాఖపట్నం వరకు వెంటపడాలి, అప్పుడు కూడా మధ్యలో ఎక్కనిస్తారనే భరోసా లేదు.

పైగా మీరు వెళ్లేది అక్టోబరు చివర. ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యే కాలం అది. చెన్నైకి, మన చెయ్యేరు పరీవాహక ప్రాంతానికి పెద్ద వానలు వచ్చేది ఆ తరువాతి రెండు నెలల్లోనే. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేరు ఊళ్ల మీద పడిన రోజును మా ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు. నందలూరు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కూడా కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు చెన్నైలో రోడ్లే కనిపించలేదు. మీ తేదీన అలాంటిది జరుగుతుందని నేను అనడం లేదు. ఒక రోజు ముందుగా బయలుదేరినవారికి దారి మార్చుకోవడానికి వ్యవధి ఉంటుంది, అదే రోజు బయలుదేరినవారికి ఉండదు. అవసరమైతే రాయచోటి, పీలేరు, చిత్తూరు, రాణిపేట మీదుగా కూడా చెన్నై చేరవచ్చు. అది చుట్టు దారి, గువ్వలచెరువు ఘాట్ కూడా ఉంటుంది, అయినా దారి ఉన్నదని డ్రైవరుకు తెలిసి ఉండాలి.

మరొక చిన్న మాట: ఈ దారిలో ఎర్రచందనం రవాణా కోసం అటవీ తనిఖీలు ఉంటాయి. పట్ట కప్పి కట్టిన సామాను చూపించమని అడగవచ్చు. తాళ్లను విప్పి మళ్లీ కట్టుకోవడానికి వీలుగా కట్టించండి.

జవాబు: నంద్యాల వాసి, ప్రస్తుతం చెన్నై

రేవు గేటు గురించి మీరు అడిగిన ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు కాబట్టి అది నేను చెబుతాను. చెన్నై అనగానే ఒకటే రేవు అనుకుంటారు. నగరంలో రాజాజీ సాలై మీద ఉన్నది చెన్నై పోర్టు. దానికి ఉత్తరాన ఎన్నూరు దగ్గర కామరాజర్ పోర్టు, దాని పక్కనే కాట్టుపల్లి రేవు ఉన్నాయి. విహార ఓడల ప్రయాణికుల టెర్మినల్ ఉన్నది మొదటి దానిలో. చెన్నై పోర్టుకు కూడా అనేక గేట్లు ఉన్నాయి, వాటిలో ఉత్తరం వైపున, రాయపురం దగ్గర ఉన్నవి కంటెయినర్ లారీలతో నిండి ఉంటాయి. డ్రైవరు ఫోనులో కేవలం 'చెన్నై పోర్ట్' అని కొట్టి బయలుదేరితే ఆ లారీల వరుసలో ఇరుక్కోవచ్చు. మీ ఓడ సంస్థ పంపే బోర్డింగ్ పత్రంలో గేటు నంబరు, చేరవలసిన సమయం ఉంటాయి. అది చూసి ఆ గేటు లొకేషన్‌ను డ్రైవరుకు ముందే పంపండి. నోటితో చెప్పవలసి వస్తే చెన్నై బీచ్ రైల్వే స్టేషను, రిజర్వు బ్యాంకు భవనం ఉన్న రోడ్డు అంటే ఇక్కడి వారు ఎవరైనా చూపిస్తారు.

రేవు లోపల కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం కాపలా ఉంటుంది. అనుమతి లేని బాడుగ కారును ఓడ పక్కకు వెళ్లనివ్వరు. గేటు నుంచి టెర్మినల్‌కు ఎలా తీసుకువెళతారో ఓడ సంస్థనే అడగాలి. నాన్నగారికి చక్రాల కుర్చీ కావాలని ఇప్పుడే వారికి ఈమెయిలు రాసి, జవాబు తెప్పించుకోండి. ఆ రోజు గేటు దగ్గర అడిగితే దొరికే వరకు ఎండలో నిలబడవలసి వస్తుంది. అందరి గుర్తింపు కార్డుల అసలు ప్రతులు చేతి సంచిలోనే ఉండాలి, క్యారియర్ మీద కట్టిన పెట్టెలో కాదు.

నగరంలోకి వచ్చే దారిలో కూడా తేడా ఉంది. కడప డ్రైవర్లు అలవాటు కొద్దీ తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా వచ్చి ఆవడి, పాడి దగ్గర రద్దీలో పడతారు. రేవు ఉన్నది ఉత్తర చెన్నైలో కాబట్టి, పుత్తూరు నుంచి నాగలాపురం, ఊత్తుకోట, రెడ్‌హిల్స్, మాధవరం మీదుగా వస్తే నగరం నడిబొడ్డును చాలావరకు తప్పించుకోవచ్చు. ఊత్తుకోట దారి వెడల్పు తక్కువ, ఊళ్లు ఎక్కువ, కనుక పగటి పూట అయితేనే అటు రమ్మంటాను. ముందు రోజు వచ్చేవారు సెంట్రల్ స్టేషను, పెరియమేడు పరిసరాల్లో బస చేస్తే, మరునాడు ఉదయం రేవుకు వెళ్లడానికి మూడు కిలోమీటర్ల దూరమే ఉంటుంది. ఆ కాస్త దూరానికి కడప బండిని ఆపుకోవలసిన పని కూడా లేదు, ఇక్కడి పెద్ద కారు ఒకటి పిలిస్తే చాలు.

ప్రశ్న అడిగినవారు:

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ముందు రోజు ఉదయం బయలుదేరాలని నిర్ణయించుకున్నాము. అమ్మ ఒంటిమిట్టలో కోదండరాముని దర్శనం చేసుకోవాలని ఎప్పటి నుంచో అడుగుతోంది, దారిలోనే కాబట్టి అది కూడా కుదురుతుంది. తిరుగు ప్రయాణం సంగతి ఒక్కటి మిగిలింది. ఓడ ఉదయం ఏడు గంటలకు వస్తుందని రాశారు. కారును ఏడు గంటలకే రమ్మనాలా?

జవాబు: నంద్యాల వాసి, ప్రస్తుతం చెన్నై

ఏడుకు వద్దండి. ఓడ కట్టిన తరువాత అంతస్తుల వారీగా దింపుతారు, పెట్టెలు అందుకోవాలి, గేటు వరకు రావాలి. ఏడుకు ఓడ వస్తే తొమ్మిదిన్నర, పది మధ్య కారు ఎక్కగలుగుతారని అనుకొని మాట్లాడుకోండి. రాజాజీ సాలై మీద కారును ఎక్కువసేపు నిలపనివ్వరు కాబట్టి, డ్రైవరు కొంచెం దూరంలో ఆగి, మీరు ఫోను చేశాక రావాలి. నడి సముద్రంలో ఫోను సిగ్నలు ఉండదు. ఓడ ఆలస్యమైతే ఆ మాట మీరు డ్రైవరుకు చెప్పలేరు. అందుకే కడపలో ఉన్న బంధువు నంబరు ఒకటి డ్రైవరుకు, డ్రైవరు నంబరు ఆ బంధువుకు ఇచ్చి వెళ్లండి. ఓడ సంస్థ కార్యాలయం నంబరు కూడా ఆ బంధువు దగ్గర ఉండాలి.

జవాబు: ట్రావెల్స్ నడిపేవారు, కడప

తిరుగు ప్రయాణానికి కడప నుంచి బండి పంపేటట్లయితే, మేము ముందు రోజు రాత్రే బయలుదేరదీయము. తెల్లవారుజామున డ్రైవరును పంపితే పది గంటలకు అక్కడ ఉంటాడు, సాయంత్రానికి మిమ్మల్ని ఇల్లు చేరుస్తాడు. అయితే ఒకే డ్రైవరు ఒకే రోజు రెండు వైపులా 520 కిలోమీటర్లు నడపవలసి వస్తుంది కనుక, పుత్తూరులోనో రేణిగుంటలోనో భోజనం తరువాత ఒక గంట అతన్ని పడుకోనివ్వండి. అది కుదరదనుకుంటే ముందు రోజు సాయంత్రమే పంపమని అడగండి. ఒక రోజు బత్తా, కనీస కిలోమీటర్ల లెక్క పెరుగుతాయి. పెద్దవాళ్లు ఉన్నారు కాబట్టి నేనైతే ఆ రెండోదే ఎంచుకోమంటాను.