మామా చాంబా పూజ: బానిసల రుణం తీర్చుకోవడమా, వారిని మళ్లీ కొలువులో పెట్టుకోవడమా?

తీరరేఖ (చర్చ ప్రారంభం):
పశ్చిమ ఆఫ్రికాలో ఆగ్నేయ ఘనా నుంచి దక్షిణ టోగో మీదుగా బెనిన్ తీరం వరకు ఎవే ప్రజలు విస్తరించి ఉన్నారు. దేవతలను, ఆత్మలను కొలిచే వారి వోడు సంప్రదాయంలో మామా చాంబా అనే ఒక శాఖ ఉంది. తమ తాతముత్తాతలు ఉత్తరాది నుంచి కొనితెచ్చి చాకిరీకి పెట్టుకున్న బానిసల ఆత్మలనే ఆ ఇళ్ల వారసులు ఇందులో దేవతలుగా కొలుస్తారు. ఇది పశ్చాత్తాపమని కొందరు, యాజమాన్యానికి కొనసాగింపని మరికొందరు అంటున్నారు. సభ్యుల అభిప్రాయాలను కారణాలతో సహా తెలియజేయగలరు.

నల్లరేగడి:
దీనిని పశ్చాత్తాపం అనడానికి నాకు మనసొప్పడం లేదు. ఇంట్లో చాంబా పీఠం ఉందంటే, ఆ ఇంటి పెద్దలు ఒకప్పుడు మనుషులను కొనగలిగినంత కలవారని ఊరంతటికీ చాటినట్లే. పూజలో వాడే ఉత్తరాది దుస్తులు, నమిలే కోలా గింజలు, మూడు లోహాల కడియం అన్నీ దక్షిణాదివారి ఊహలోని ఉత్తరాది మనిషినే చూపిస్తాయి. పైగా పూనకంలో ఆ ఆత్మ పలకవలసింది యజమాని వంశీకుల నోటనే. బతికినన్నాళ్లూ పొలంలోను, వంటింట్లోను చాకిరీ చేసిన మనిషి, చచ్చిన తరువాత కూడా అదే ఇంటివారి రోగాలు నయం చేస్తూ, సంతానాన్ని కాపాడుతూ అక్కడే పడి ఉండాలి. ఇందులో విడుదల ఎక్కడ ఉంది?

శ్రావణి_మానవశాస్త్రం:
నల్లరేగడి గారూ, మీ చివరి ప్రశ్న బలమైనది. అయితే దానికి ముందు, ఎవరు ఎవరికి వారసులో తేల్చుకోవాలి. 19వ శతాబ్దంలో సముద్రం దాటించే బానిసల వ్యాపారం సన్నగిల్లి పామాయిల్ వ్యాపారం పుంజుకున్నప్పుడు, ఈ తీరంలో ఇంటి పనికి, తోట పనికి మనుషులను కొనడం ఆగలేదు. కొనితెచ్చిన స్త్రీలలో చాలామంది ఆ ఇళ్లలోనే భార్యలయ్యారు. ఎవేలది పితృవంశ సమాజం. మామూలుగా పెళ్లయి వచ్చిన స్త్రీ వెనుక పుట్టింటివారు ఉంటారు, కష్టం వస్తే నిలదీయడానికి వస్తారు, ఆమె పిల్లలకు మేనమామల అండ ఉంటుంది. కొనితెచ్చిన స్త్రీకి అడిగే దిక్కు లేదు కనుక ఆమె పిల్లలు పూర్తిగా తండ్రి వంశానికే దక్కేవారు, వంశాన్ని పెంచుకోవాలనుకున్న పెద్దకు కావలసిందీ అదే. కాబట్టి నేడు చాంబా పూనకంలో ఊగుతున్న మనిషి ఒంట్లో కొన్నవాడి రక్తంతో పాటు అమ్ముడుపోయిన ఆమె రక్తం కూడా ఉండవచ్చు. మీరు యజమాని వంశీకుల నోరు అన్నది ఆమె మునిమనుమరాలి నోరు కూడా కావచ్చు.

పూజ ఎలా మొదలవుతుందో కూడా చూడాలి. ఇంట్లో ఒకరి జబ్బు ఎంతకీ తగ్గదు, లేదా పుట్టిన బిడ్డలు దక్కరు. ఆఫా అనే సోదె పద్ధతిలో జోస్యం చెప్పేవాని దగ్గరకు వెళ్తే, అతడు 16 నూనెతాటి గింజలతో 256 గుర్తులలో ఏది పడిందో చూసి, మీ ఇంట చనిపోయిన ఒక బానిసను మీరు మరిచిపోయారని చెబుతాడు. ఒక్కొక్కప్పుడు నేలను తవ్వుతుండగా బయటపడిన పాత కడియమే ఆ మాట చెబుతుంది. బానిస సంతతి అని ఎవరినైనా పైకి అనడం అవమానంగా చెల్లే సమాజంలో, ఇంటివారే డప్పుల మోత నడుమ ఆ సంగతిని అందరి ముందూ ఒప్పుకోవలసి వస్తోంది. ఇది చిన్న విషయం కాదు. గోల్డ్ కోస్ట్‌లో (నేటి ఘనా) బ్రిటిష్ ప్రభుత్వం 1874లో బానిసత్వాన్ని చట్టం ద్వారా రద్దు చేసినప్పుడు, బానిసలకు ఏమి బాకీ పడ్డామని ఎవరూ లెక్క చూడలేదు. ఆ లెక్కను తెరిచి ఉంచింది ఈ పూజ ఒక్కటే.

ఈ శాఖను దగ్గరగా పరిశీలించి 1998లో గ్రంథం వెలువరించిన మానవశాస్త్రవేత్త జూడీ రోసెంతాల్ పూనకంలోని తారుమారును ముఖ్యంగా పట్టించుకున్నారు. పూనినవారు పడిపోకుండా పట్టుకునేవారు, చెమట తుడిచేవారు, ఆత్మకు తగిన బట్టలు కట్టేవారు ఆ సమయంలో బానిసకు సేవకులే.

నల్లరేగడి:
శ్రావణి గారూ, రక్తసంబంధం గురించి మీరు చెప్పినది ఆలోచించదగినదే. కానీ తారుమారు ఆ పూటకే పరిమితం. డప్పులు ఆగిన తరువాత భూమి పంపకంలో, పెద్దరికంలో బానిస సంతతివారి స్థానం మారిందా అన్నదే నాకు ముఖ్యం. అది మారనప్పుడు ఈ పూజ మనసులోని బరువు దించుకునే మార్గం మాత్రమే అవుతుంది.

శ్రావణి_మానవశాస్త్రం:
బరువు దించుకోవడానికే అయితే ఒక్కసారి చేసి ఊరుకునేవారు. ఈ మొక్కు ఎన్నటికీ తీరదు, తరం మారితే మరొకరిని పట్టుకుంటుంది. బాకీ తీరిపోయిందని ప్రకటించే అధికారం ఇంటివారి చేతిలో లేకపోవడమే ఇందులో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. పెంతెకోస్తు సంఘాలలో చేరిన కుటుంబాలు ఇది దయ్యాల పని అని పీఠాలను వదిలేసినప్పుడు, ఆ పేరులేని స్త్రీని తలచుకునే చోటు కూడా పోతుంది. దీని గురించి మీరు కూడా ఆలోచించాలని కోరుతున్నాను.

అయినా ఈ పూజను నష్టపరిహారం అని నేను అనను. ఇది ఒక వంశం తనలో తాను చేసుకునే ఒప్పుకోలు. మనుషులను పోగొట్టుకున్న ఉత్తరాది ఊళ్లకు ఇందులో పిలుపు లేదు, అక్కడి బంధువులకు తమవారు ఎక్కడ చనిపోయారో తెలిపే ఏర్పాటు కూడా లేదు. పరిశోధకులు ఇప్పటివరకు ఎక్కువగా తీరంలోని పీఠాల దగ్గరే కూర్చున్నారు. తమ ఆడపిల్లలను తీరం దేవతలుగా కొలుస్తోందన్న సంగతిని ఉత్తర టోగోలోని కాబియే అనే తెగ ఊళ్లవారు ఎలా తీసుకుంటారో, ఆ ఊళ్లకు వెళ్లి అడగాలి.