పుట్టుకతో హెచ్‌ఐవీ ఉన్న పాపకు మెదడు ఎం.ఆర్.ఐ. ఎందుకు?

ప్రశ్న:
మా అక్క కూతురికి తొమ్మిదేళ్లు. పుట్టుకతోనే హెచ్‌ఐవీ ఉంది. అక్క పోయాక నా దగ్గరే పెరుగుతోంది. మూడో ఏట హెచ్‌ఐవీని అణచి ఉంచే ఏ.ఆర్.టి. మందులు మొదలయ్యాయి, ఒక్క పూటా తప్పించలేదు. రెండేళ్లుగా రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపించడం లేదు. అయినా లెక్కల్లో వెనకబడుతోందని, నడిచేటప్పుడు కాళ్లు బిగుసుకుంటున్నాయని చెబితే డాక్టరుగారు మెదడుకు ఎం.ఆర్.ఐ. రాశారు. రక్తంలోనే కనిపించని వైరస్ మెదడును ఏం చేయగలదు?

జవాబు 1:
నేను స్కానింగ్ విభాగంలో పనిచేస్తాను. రక్తపరీక్ష ఇవాళ్టి సంగతి చెబుతుంది, ఎం.ఆర్.ఐ.లో మందులు లేని ఆ మొదటి మూడేళ్ల ఆనవాళ్లు కూడా కనిపించవచ్చు. ఈ వైరస్ ప్రధానంగా నాడీకణాలలో కాక, మెదడుకు కాపలా కాసే మైక్రోగ్లియా కణాలలో తిష్ఠ వేస్తుంది. అవి వెలువరించే రసాయనాల వల్ల చుట్టూ ఉన్న నాడీకణాలు దెబ్బతింటాయి. చికిత్స అందని పిల్లల సి.టి. స్కాన్‌లలో మెదడు కుంచించుకుపోవడం, లోపల కదలికలను అదుపు చేసే బేసల్ గాంగ్లియా అనే భాగంలో సున్నం (కాల్షియం) పేరుకోవడం కనిపించేవి. సున్నం సి.టి.లోనే బాగా తెలుస్తుంది. కాళ్ల కదలికలను నడిపే నాడీతంతువులు సాగే, మెదడులోని తెల్లని భాగంలో మార్పులను పట్టుకోవడానికి మాత్రం ఎం.ఆర్.ఐ. మేలు, పైగా అందులో రేడియేషన్ లేదు. పాప కదలకుండా పడుకోగలిగితే మత్తు అక్కర్లేదు. ఆ యంత్రం చప్పుడుకు పెద్దవాళ్లే ఉలిక్కిపడతారు కాబట్టి ముందే ఫోన్‌లో వినిపించండి.

జవాబు 2:
పిల్లల వైద్యుడిగా ఒక మాట చేరుస్తాను. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్, సొవెటోలలో జరిగిన చెర్ అధ్యయనంలో, 6 నుంచి 12 వారాల వయసులోనే మందులు మొదలుపెట్టిన శిశువులలో, ఆలస్యంగా మొదలుపెట్టిన వారితో పోలిస్తే, మరణాలు 76 శాతం తగ్గాయని 2008లో తేలింది. అంత త్వరగా మందులు అందుకున్న కేప్‌టౌన్ పిల్లలకు తరవాత ఎం.ఆర్.ఐ. తీసినప్పుడు కూడా, హెచ్‌ఐవీ లేని పిల్లలతో పోలిస్తే, ఆ తెల్లని భాగంలో తేడాలు కనిపించాయి. అయితే అవి గుంపుల సగటులు. ఒక పాప చిత్రం చూసి ఆమెకు లెక్కలు వస్తాయో రావో ఎవరూ చెప్పలేరు. మెదడుకు సోకిన క్షయ, మెదడు రక్తనాళాలు దెబ్బతిని వచ్చే పక్షవాతం వంటి వేరే కారణాలేమైనా దాగి ఉన్నాయేమో చూడటం ఈ పరీక్షలో ముఖ్యమైన ఉద్దేశం. చదువు విషయం తేలాలంటే వినికిడి, చూపు, మేధాశక్తి పరీక్షలు విడిగా చేయించాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. మచ్చలు కనిపిస్తే మందులు మార్చాల్సి వస్తుందా?

జవాబు 2:
మచ్చలున్నంత మాత్రాన మార్చరు; అవి పాత గాయాలా, ఇంకా పెరుగుతున్నాయా అన్నదే ముఖ్యం. అందుకని రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా చిత్రాల సి.డి. కూడా అడిగి తీసుకుని దాచండి. మళ్లీ స్కాన్ తీయాల్సి వస్తే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడవచ్చు.